అరకొర అక్షరాలకు అసలైన ఫైలు

ఫైలు పేరు తెలుసు. అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా తెలుసు. అయినా దాన్ని తెరవాలంటే ప్రతిసారీ ఆ దారంతా నడవాల్సిందే. ముందు పెద్ద ఫోల్డర్, అందులో చిన్నది, దానిలో ఇంకా చిన్నది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న పనే. కానీ చాలామందికి అది భరించలేని విసుగుగా మారింది మాత్రం 2004 తరువాతే.

దానికి ఒక పెద్ద కారణం రూబీ ఆన్ రైల్స్. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనమైయర్ హాన్సన్ 2004లో ఈ ఫ్రేమ్‌వర్క్‌ను బయటపెట్టాడు. రైల్స్‌లో వెబ్‌సైటు కడితే ఒక్క పేజీకి చెందిన పని నాలుగు చోట్ల పంచి ఉంటుంది. డేటా సంగతి చూసే మోడల్ ఒక ఫోల్డర్‌లో, కంటికి కనిపించే వ్యూ ఇంకో ఫోల్డర్‌లో, రెండింటినీ నడిపించే కంట్రోలర్ మరో చోట, వీటిని పరీక్షించే ఫైళ్లు వేరే చోట. ఏ ఫైలుకు ఏం పేరు పెట్టాలో, ఎక్కడ ఉంచాలో రైల్సే ముందుగా నిర్ణయించింది. చిన్న మార్పు చేయాలన్నా ఈ నాలుగింటి మధ్య పొద్దస్తమానం తిరగాలి.

హాన్సన్ రైల్స్‌ను ప్రదర్శించి చూపిన వీడియోల్లో జనం ఇంకో వస్తువును కూడా గమనించారు. అది కోడ్ రాయడానికి ఆయన వాడిన ఎడిటర్, టెక్స్ట్‌మేట్. దాన్ని రాసిన అలన్ ఆడ్‌గార్డ్ కూడా డెన్మార్క్ వాడే. టెక్స్ట్‌మేట్‌లో కమాండ్, టీ కలిపి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకునేది. అందులో ఫైలు పేరులోని అక్షరాలు కొన్ని, వరుస తప్పకుండా కొడితే చాలు. పక్కపక్కనే ఉన్నవి కానక్కర్లేదు. జాబితా ఆ క్షణమే కుదించుకుపోయి, కావలసిన ఫైలు పైకొచ్చేది. ఫోల్డర్ల చెట్టు ఎక్కి దిగే పని తప్పింది.

ఇలా పొట్టి అక్షరాలతో వెతకడం ఆడ్‌గార్డ్ కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మాకింటాష్ మీద అప్లికేషన్లు తెరవడానికి నికొలస్ జిట్‌కాఫ్ 2003లో తెచ్చిన క్విక్‌సిల్వర్ అప్పటికే జనానికి ఈ అలవాటు నేర్పింది. ఈమ్యాక్స్ ఎడిటర్ వాడేవాళ్లకు ఈడో అనే ప్యాకేజీ ఉండేది. దానిలో ఒక మీట తిప్పితే ఇలాగే విడివిడి అక్షరాలతో వెతకవచ్చు. 2007లో వచ్చిన ఈమ్యాక్స్ 22లో అది అధికారికంగా చేరింది. అయినా వెబ్ ప్రోగ్రామర్లలో ఎక్కువమంది మనసులో ఈ సౌకర్యం ‘కమాండ్-టీ’ అన్న పేరుతోనే నాటుకుపోయింది.

ఫజీ అంటే రెండు రకాలు

ఇలా అరకొరగా కొట్టినా పట్టుకునే వెతుకులాటను ‘ఫజీ’ అంటారు. ఆ మాట కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ఒకటి, తప్పులు క్షమించే వెతుకులాట. ఒక అక్షరం బదులు ఇంకోటి కొట్టినా, రెండు అక్షరాలు తారుమారైనా పట్టుకోవాలి. అరిజోనా విశ్వవిద్యాలయంలో సున్ వు, ఉడి మాన్బర్ 1990ల మొదట్లో చేసిన ఏగ్రెప్ ఈ జాతిది. రెండోది, లోపాలు క్షమించే వెతుకులాట. కొట్టిన అక్షరాలన్నీ సరైనవే అయి ఉండాలి, వరుస కూడా సరిగ్గా ఉండాలి. మధ్యలో ఎన్ని వదిలేసినా ఫరవాలేదు. టెక్స్ట్‌మేట్‌ది ఈ రెండో జాతి. ఆ తరువాత ఎడిటర్లలో స్థిరపడినది చాలావరకు ఇదే.

దానికి కారణం ఉంది. ఎడిటర్ ముందు కూర్చున్నవాడికి సాధారణంగా ఫైలు పేరు బాగా తెలుసు. అతడికి స్పెల్లింగు సాయం అక్కర్లేదు, వేళ్లకు పని తగ్గితే చాలు. పైగా అక్షరాలు వదిలేయడమే నియమమైతే ఒక్కో అక్షరం కొట్టే కొద్దీ జాబితా తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి కిందటి అక్షరానికి దొరికినవాటిలోనే తరువాతి అక్షరం కోసం వెతికితే సరిపోతుంది. వేలాది పేర్లను కంటి ముందే వడపోయడానికి ఈ గుణం బాగా కలిసొచ్చింది.

విమ్‌లో చోటు వెతుక్కోవడం

ఇక విమ్ సంగతి. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్‌కు ఇది వారసురాలు. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ అమీగా కంప్యూటర్ కోసం మొదలుపెట్టి 1991లో విడుదల చేశాడు. విమ్ వాడేవాళ్లలో చాలామంది మౌసు ముట్టరు, టెర్మినల్ వదలరు. వాళ్లకు ఫైలు తెరవాలంటే ఎడిట్ కమాండ్ కొట్టి, దారిలో మొదటి అక్షరాలు ఇచ్చి, ట్యాబ్ నొక్కుతూ ఫోల్డర్ తరువాత ఫోల్డర్ పూరించుకుంటూ వెళ్లడమే. ఫైండ్ అనే కమాండ్ ఉంది కానీ, దానికీ పేరు మొదటి నుంచి సరిగా చెప్పాలి. టెక్స్ట్‌మేట్ వాడేవాళ్లను చూసి వీళ్లకు కన్ను కుట్టింది.

మొదటి గట్టి ప్రయత్నం జపాన్ నుంచి వచ్చింది. 2007లో తకేషి నిషిద ‘ఫజీఫైండర్’ అనే ప్లగిన్, అంటే ఎడిటర్‌కు తగిలించే చేర్పు, రాశాడు. అప్పటి విమ్‌లో ఇలాంటి జాబితా చూపించడానికి పైన తేలే కిటికీ లాంటిదేమీ లేదు. 2006లో వచ్చిన విమ్ 7లో మాత్రం ఒక కొత్త వస్తువు ఉంది: మాట సగం రాస్తే మిగతాది పూరించే చిన్న మెనూ. నిషిద దాన్నే ఈ పనికి మళ్లించాడు. ఒక్క వరుస ఉన్న ఖాళీ బఫర్, అంటే పాఠం రాసే చోటు, తెరిచి, అందులో కొట్టే ప్రతి అక్షరానికీ ఆ మెనూను తిరిగి నింపించాడు. మాటలు పూరించడానికి పుట్టిన యంత్రం ఫైళ్లు వెతకడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడాది, రైల్స్ బృందంలో పేరున్న జేమిస్ బక్ టెక్స్ట్‌మేట్ వదిలి విమ్‌కు వచ్చాడు. వచ్చీ రాగానే పాత ఇంటి అలవాటు కోసం నిషిద ప్లగిన్ మీద ఒక పొర వేశాడు. వెతికే పనిని రూబీ భాషలో రాసి, చూపించే పనిని ఫజీఫైండర్‌కు వదిలాడు. ఈ కథకు అవసరమైన మొదటి గీత ఇక్కడ పడింది. వెతకడం ఒకరి పని, చూపించడం ఇంకొకరి పని.

2010లో గ్రెగ్ హరెల్ ఆ గీతను ఇంకాస్త లోతుగా గీశాడు. అతని ప్లగిన్ పేరే కమాండ్-టీ. ఎక్కడినుంచి వచ్చిందో దాచుకోని పేరు. వెతికే భాగాన్ని అతడు సీ భాషలో రాసి, రూబీ ద్వారా విమ్‌కు తగిలించాడు. వేగం అద్భుతం. కానీ తగిలించడంలోనే చిక్కు. విమ్‌ను రూబీ మద్దతుతో కట్టి ఉండాలి. సీ భాగాన్ని వాడేవాడే తన కంప్యూటర్ మీద కంపైల్ చేసుకోవాలి. విమ్‌ను ఏ రూబీతో కట్టారో, దీన్నీ సరిగ్గా అదే రూబీతో కట్టాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే ఎడిటరే కుప్పకూలేది. ఒకే ప్రాసెస్ లోపల ఇద్దరిని కూర్చోబెడితే ఒకరి తప్పుకు ఇద్దరూ పడతారని ఆ తరం ప్రోగ్రామర్లు స్వయంగా నేర్చుకున్నారు.

ఆ విసుగులోంచే 2011లో కంట్రోల్-పీ ప్లగిన్ పుట్టింది. రూబీ లేదు, సీ లేదు, కంపైల్ చేసే గొడవ లేదు. మొత్తం విమ్ సొంత స్క్రిప్టు భాషలోనే. ఫోల్డర్‌లో పడేస్తే పనిచేసేది. అది ఊరూరా పాకిపోవడానికి ఈ సులువే కారణం. అయితే విమ్‌స్క్రిప్టు నెమ్మదైన భాష. కొట్టిన అక్షరాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా మార్చి, జాబితాలోని ప్రతి పేరు మీదా నడిపించేది. మామూలుగా 10,000 ఫైళ్ల దగ్గర జాబితా సేకరణ ఆపేసేలా దానికి పరిమితి పెట్టారు. చిన్న ప్రాజెక్టుకు హాయి, పెద్ద ప్రాజెక్టులో ఒక్కో అక్షరానికీ ఎడిటర్ ఊపిరి బిగబట్టేది. అప్పటి విమ్ ఒకసారికి ఒక్క పనే చేయగలదు. అది వెతుకుతున్నంతసేపూ మీరు కొట్టే అక్షరాలు క్యూలో నిలబడాల్సిందే.

ఇలా అటు వేగం కావాలంటే కట్టుబాట్లు, ఇటు సులువు కావాలంటే ఆలస్యం. రెండు దారులకూ ఉమ్మడి ఊహ ఒకటుంది. వెతికే యంత్రం ఎడిటర్ లోపలే ఉండాలని అందరూ అనుకున్నారు.

బయటికి నడిచిన వెతుకులాట

2013లో ఇద్దరు వేర్వేరుగా ఆ ఊహను పక్కనబెట్టారు. అమెరికాలో గ్యారీ బెర్న్‌హార్ట్ సెలెక్టా రాశాడు. దక్షిణ కొరియాలో జునెగున్ చోయ్ ఎఫ్‌జెడ్‌ఎఫ్ రాశాడు. రెండూ ఆనాడు రూబీలో రాసిన ఒక్కొక్క స్క్రిప్టే. రెంటికీ ఎడిటర్ అంటే ఏమిటో తెలియదు. వాటికి తెలిసినది 1973 నుంచి యూనిక్స్‌లో ఉన్న పైప్ ఒక్కటే. ఒక వైపు నుంచి వరుసలు వస్తాయి, మనిషి ఒకటి ఎంచుకుంటాడు, ఆ వరుస రెండో వైపు నుంచి బయటికి వెళుతుంది.

ఆ వరుసలు ఫైళ్ల పేర్లా, గిట్ శాఖలా, నడుస్తున్న ప్రాసెస్‌లా, నిన్న కొట్టిన కమాండ్లా అన్నది ఆ పరికరానికి పట్టదు. ఎంచుకున్న వరుసతో ఏం చేస్తారన్నదీ పట్టదు. ఇంత నిర్లిప్తమైన వస్తువును ఎడిటర్‌కు కలపడం ఎంత తేలికో సెలెక్టాతో ఇచ్చిన సూచనల్లోనే ఉంది. విమ్‌లో కొన్ని వరుసల ఫంక్షన్ రాసి, ఫైళ్ల జాబితా ఇచ్చే కమాండ్‌ను సెలెక్టాలోకి పంపి, వచ్చిన జవాబు ముందు ఎడిట్ అని చేర్చి నడిపిస్తే అయిపోయింది. ప్లగిన్ అని వేరే అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న యుక్తి ఉంది. పైప్‌లో ఉన్న ప్రోగ్రాముకు రావలసిన సమాచారం ఒక గొట్టం నుంచి వస్తుంది, జవాబు ఇంకో గొట్టంలోకి పోతుంది. మరి కీబోర్డు ఎక్కడ? తెర ఎక్కడ? యూనిక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ తన టెర్మినల్‌ను నేరుగా తెరిచే దారి ఒకటి ఉంటుంది. ఎఫ్‌జెడ్‌ఎఫ్ మీటల నొక్కుళ్లను ఆ దారిలో చదువుతుంది. తన జాబితాను తప్పుల సందేశాల కోసం కేటాయించిన గొట్టంలోకి గీస్తుంది. దాంతో జవాబు గొట్టం శుభ్రంగా మిగులుతుంది. చివరికి అందులో పడేది ఎంచుకున్న వరుస మాత్రమే. ఎడిటర్‌తో కలపడం సాధ్యమైంది ఈ శుభ్రత వల్లే.

ఎఫ్‌జెడ్‌ఎఫ్‌తో పాటే ఒక చిన్న విమ్ ఫైలు వచ్చింది. అది చేసే పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఎడిటర్ ఒక తాత్కాలిక ఫైలుకు పేరు పెడుతుంది. వెతికే ప్రోగ్రామును, అంటే ఫైండర్‌ను, నడుపుతూ, జవాబును ఆ ఫైలులో రాయమంటుంది. ఫైండర్ ముగిసినప్పుడు ఒక అంకె వదిలి వెళుతుంది. 0 అయితే ఎంపిక జరిగింది, 1 అయితే ఏదీ దొరకలేదు, 2 అయితే పొరపాటు, 130 అయితే మనిషే వద్దనుకుని బయటికి వచ్చాడు. 0 వస్తే ఎడిటర్ ఆ తాత్కాలిక ఫైలు చదివి, అందులో ఉన్న పేరు తెరుస్తుంది. వరుసలు ఎక్కడినుంచి రావాలో చెప్పే భాగానికి చోయ్ సోర్స్ అని పేరు పెట్టాడు, ఎంచుకున్నది ఎక్కడికి పోవాలో చెప్పే భాగానికి సింక్ అని. ఆ రెండు మాటల్లో మొత్తం ఒప్పందం ఇమిడిపోయింది.

కొన్నాళ్లకు ఒక మెలిక చేరింది. ఫైలును ఉన్నచోటే తెరవాలా, కొత్త ట్యాబ్‌లోనా, తెరను నిలువుగా చీల్చి పక్కనా? ఈ నిర్ణయం ఎడిటర్‌ది, కానీ దాన్ని మనిషి ఫైండర్‌లో ఉండగా చెప్పాలి. ఫైండర్‌కు విమ్ ట్యాబ్‌ల గురించి నేర్పే బదులు, ఏ మీటతో ఎంపిక ముగిసిందో జవాబులో మొదటి వరుసగా రాసేలా చేశారు. అర్థం చెప్పుకోవడం ఎడిటర్ వంతు. ఫైండర్ అమాయకత్వం చెడలేదు.

రూబీతో తంటా మాత్రం ఇంకా ఉంది. తెర మీద గీయడానికి ఎఫ్‌జెడ్‌ఎఫ్ వాడిన కర్సెస్ లైబ్రరీని రూబీ 2.1 తన ప్రామాణిక సామగ్రి నుంచి తీసేసింది. వాడేవాళ్లు మళ్లీ సీ భాగాలు కంపైల్ చేసుకోవాల్సిన పరిస్థితి. ఏ బాధ తప్పించుకోవడానికి బయటికి వచ్చారో అదే బాధ వెనకే వచ్చింది. 2015 మొదట్లో చోయ్ మొత్తాన్ని గో భాషలో తిరగరాశాడు. దీనివల్ల రెండు లాభాలు. వాడేవాడికి ఒక్క బైనరీ ఫైలు చాలు. రూబీలో ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే తాళం ఉంటుంది, గోలో అది లేదు కాబట్టి ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్నింటికీ వెతుకులాట పంచవచ్చు. జాబితా ఇంకా వస్తూండగానే వచ్చినంతవరకు వెతకడం మొదలవుతుంది. ఇది ఎడిటర్ లోపల జరగడం లేదు కాబట్టి ఎడిటర్‌కు ఒకసారికి ఒక్క పనే చేసే జబ్బున్నా ఇబ్బంది లేదు.

ఏది ముందు?

దొరకడం ఒక ఎత్తు, ముందు దొరకడం ఇంకో ఎత్తు. మూడు నాలుగు అక్షరాలు ఎన్నో పేర్లలో వరుసగా ఉంటాయి. మనిషి కోరింది మొదటి వరుసలో లేకపోతే జాబితా చదవాల్సి వస్తుంది, అప్పుడు ఈ సౌకర్యానికి అర్థమే లేదు.

మన అక్షరాలతో చూద్దాం. ‘నవకథల కట్ట’ అనే ఫైలు ఉందనుకోండి. దానికోసం ‘నక’ అని కొట్టారు. మొదటి ‘న’ గురించి వాదన లేదు. ‘క’ మాత్రం రెండు చోట్ల ఉంది. ‘నవకథల’ మధ్యలో ఒకటి, ‘కట్ట’ మొదట్లో ఒకటి. రెండు మాటల తొలి అక్షరాలు కొట్టారని మన కంటికి తెలుసు. ఎడమ నుంచి వెళ్తూ మొదట కనిపించినదాన్ని పట్టుకునే యంత్రం మాత్రం మొదటి ‘క’ దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్‌జెడ్‌ఎఫ్ మొదటి పద్ధతి అలాంటిదే. ఒకసారి ముందుకు నడిచి, దొరికాక వెనక్కి నడిచి ఇంకా పొట్టి తునక ఉందేమో చూసేది. చాలా వేగం, కానీ ఒక్కోసారి మొద్దు.

2016లో చోయ్ రెండో పద్ధతి తెచ్చాడు. దానికి మూలం ప్రోగ్రామింగులో లేదు. 1981లో టెంపుల్ స్మిత్, మైకేల్ వాటర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జీవకణాల్లోని పొడవాటి అణువుల వరుసలను పోల్చి, వాటిలో బాగా కలిసే తునకలను పట్టుకోవడానికి ఒక లెక్క ఇచ్చారు. కలిసిన చోట మార్కులు, ఖాళీ వచ్చిన చోట కోత, మొత్తం మీద ఎక్కువ మార్కులు వచ్చే అమరిక ఏదో గడి గడిగా నింపి తేల్చడం. ఎఫ్‌జెడ్‌ఎఫ్ దాన్ని తన అవసరానికి మార్చుకుంది. మనిషి కొట్టిన అక్షరాల్లో ఒక్కటి కూడా వదలకూడదు, ఒక్కటి కూడా తప్పకూడదు. ఖాళీలు ఫైలు పేరు వైపు మాత్రమే ఉండవచ్చు.

ఆనాటి మార్కులివి. కలిసిన ప్రతి అక్షరానికి 16. అది మాట మొదట్లో ఉంటే అదనంగా 8. కొట్టినవాటిలో మొదటి అక్షరానికైతే ఆ అదనం రెట్టింపు. ఖాళీ మొదలైతే 3 కోత, అది సాగే ప్రతి అక్షరానికీ ఇంకో 1. ఇప్పుడు లెక్క వేయండి. ‘న’కు 16, మాట మొదలు కాబట్టి 16, మొత్తం 32. మొదటి ‘క’ను ఎంచుకుంటే మధ్యలో ఒక్క అక్షరమే ఖాళీ, 3 కోత, ‘క’కు 16. మొత్తం 45. రెండో ‘క’కు అయిదు చోట్ల ఖాళీ, 7 కోత. కానీ ‘క’కు 16తో పాటు మాట మొదలు అన్నందుకు 8. మొత్తం 49. దూరంగా ఉన్నదే గెలిచింది, మన కన్ను చెప్పినట్టే.

ఈ మార్కుల పట్టికలో ఇంకో రెండు సంగతులున్నాయి. పక్కపక్కన ఉన్న అక్షరాలు వరుసగా కలిస్తే అదనం ఉంది. ఇంగ్లీషు పేర్లలో మాటలను విడదీయడానికి మధ్యలో పెద్ద అక్షరం వాడే ప్రోగ్రామర్ల అలవాటుకూ అదనం ఉంది. మన లిపిలో పెద్దా చిన్నా తేడా లేదు కాబట్టి ఆ లాభం మనకు రాదు. బదులుగా మరొకటి అయాచితంగా వచ్చింది. యూనికోడ్‌లో హల్లు వేరుగా, దాని మీది గుణింతపు గుర్తు వేరుగా నమోదవుతాయి. అందువల్ల ‘తలగ’ అని కొట్టినా ‘తెలుగు’ అన్న పేరు దొరుకుతుంది. కొమ్ములు, ఎత్వాలు వదిలేయడం ఈ పరికరం దృష్టిలో మధ్య అక్షరాలు వదిలేయడమే. అయితే చాలా టెర్మినళ్లు తెలుగును సరిగా గీయలేవు. దొరికిన పేరు చదువుకోవడమే అక్కడ కష్టం.

తెర ఎవరిది?

వేగం కుదిరింది, మార్కులు కుదిరాయి. మిగిలిన తగవు తెర గురించి. టెర్మినల్‌లో నడిచే విమ్ మొత్తం తెరను తనదిగా భావిస్తుంది. ఎఫ్‌జెడ్‌ఎఫ్‌ కూడా అంతే. మొదట్లో వాడిన ఉపాయం విమ్‌లో పాతకాలం నుంచీ ఉన్న ‘బయటి కమాండ్ నడుపు’ అనే సదుపాయం. ఎడిటర్ తన తెరను తుడిచేసి, ఫైండర్‌కు అప్పగించి, అది ముగిసేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఇంట్లో ఒక గది ఇవ్వలేక చుట్టానికి ఇల్లంతా ఖాళీ చేసి ఇచ్చినట్టు. పని జరిగేది కానీ, రాస్తున్న కోడ్ కళ్ల ముందు నుంచి మాయమైపోయి తిరిగి వచ్చే ఆ వెలుగు నీడలు కొందరికి చిరాకు తెప్పించేవి.

కిటికీలో నడిచే జీవిమ్ వాళ్లకు అదీ లేదు, ఎందుకంటే దానికి అసలు టెర్మినలే లేదు. వాళ్ల కోసం వేరే టెర్మినల్ కిటికీ తెరిపించే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. తెరను ముక్కలుగా పంచే టీమక్స్ వాడేవాళ్లది కాస్త మేలు. వాళ్లకు ఫైండర్ కింది ముక్కలో తెరుచుకునేది, ఎడిటర్ పైన కనిపిస్తూనే ఉండేది. అంటే తెరను పంచే పెద్దమనిషి మూడోవాడై ఉండాలి.

పరిష్కారం ఎడిటర్ మారితే గానీ రాలేదు. బ్రెజిల్‌కు చెందిన తియాగో డి అరుడా, విమ్ ఒకేసారి రెండు పనులు చేయగలిగేలా ఒక ప్యాచ్ రాశాడు. అది విమ్‌లో చేరలేదు. 2014లో అతడు విమ్ కోడ్‌ను వేరు చేసి నియోవిమ్ మొదలుపెట్టాడు. అందులో ఎడిటర్ బఫర్‌లోనే ఒక పూర్తి టెర్మినల్ నడిచే ఏర్పాటు వచ్చింది. ఎఫ్‌జెడ్‌ఎఫ్‌కు ఇది కోరి వచ్చిన వరం. ఫైండర్ తనకు నిజమైన టెర్మినల్ దొరికిందనుకుంటుంది, ఎడిటర్ మాత్రం తన కిటికీల్లో ఒకటి ఇచ్చానంతే అనుకుంటుంది. ఎవరూ ఎవరికోసం మారలేదు.

పోటీ విమ్‌నూ కదిలించింది. 2016లో విమ్ 8 వెనకాల పనులు నడిపే శక్తి తెచ్చింది. 2018లో విమ్ 8.1 లోపలే టెర్మినల్ తెరిచింది. 2019లో నియోవిమ్ 0.4 తేలియాడే కిటికీలను, అదే ఏడాది చివర విమ్ 8.2 పాపప్ కిటికీలను తెచ్చాయి. ఇప్పుడు ఎఫ్‌జెడ్‌ఎఫ్ రాస్తున్న కోడ్ మీదే తెర మధ్యలో ఒక పెట్టెగా తేలుతుంది, పని ముగియగానే తప్పుకుంటుంది. చోయ్ 2015లో విడిగా పెట్టిన ఎఫ్‌జెడ్‌ఎఫ్ డాట్ విమ్ అనే ప్లగిన్ ఈ ఇరుసు మీదే తిరుగుతోంది. తెరిచి ఉన్న బఫర్లు, పాత ఫైళ్ల చరిత్ర, గిట్ కమిట్లు, రంగుల పథకాలు, సహాయ పేజీలు, మీటల అమరిక, ఉన్న ఫైలులోని వరుసలు, ఇలా జాబితాగా రాయగలిగినదల్లా ఒకే పెట్టెలో వెతకవచ్చు. ప్రాజెక్టు అంతటా ఉన్న పాఠంలో వెతకడానికి ఆండ్రూ గాలంట్ 2016లో తెచ్చిన రిప్‌గ్రెప్ తోడైంది. అది దొరికిన వరుసలు పంపుతుంది, ఎఫ్‌జెడ్‌ఎఫ్ వడపోస్తుంది, ఎడిటర్ సరిగ్గా ఆ వరుస దగ్గర తెరుస్తుంది.

మళ్లీ లోపలికి

ఎడిటర్ వేగం పుంజుకున్నాక కథ వెనక్కి కూడా తిరిగింది. నియోవిమ్‌లో లూవా భాష బలపడడంతో టీజే డివ్రీస్ 2020లో టెలిస్కోప్ మొదలుపెట్టాడు. జాబితా, వడపోత, పక్కన ఫైలు నమూనా అన్నీ ఎడిటర్ లోపలే. బయటి ప్రోగ్రాముకు తెలియని సంగతులు, అంటే కోడ్‌లో ఏ ఫంక్షన్ ఎక్కడ నిర్వచించారో, ఎక్కడ తప్పు గీత పడిందో, దీనికి నేరుగా అందుతాయి. అయితే మార్కుల దగ్గరికి వచ్చేసరికి వేగం కోసం చాలామంది దానికి తగిలించుకునేది ఎఫ్‌జెడ్‌ఎఫ్ లెక్కను సీలోకి దింపిన ముక్కనే. గ్రెగ్ హరెల్ కూడా కమాండ్-టీని 2022లో రూబీ నుంచి విడిపించి లూవా, సీలతో తిరగరాశాడు.

విమ్‌లోకి ఈ విద్య చేరిన దారి ఇంకా వింతైనది. సిడ్నీకి చెందిన జాన్ స్కిన్నర్ రాసిన ఎడిటర్ సబ్‌లైమ్ టెక్స్ట్‌లో ‘గోటు ఎనీథింగ్’ అనే పెట్టె ఉంది. దాని కోడ్ బయటివాళ్లకు కనిపించదు. ఫారెస్ట్ స్మిత్ అనే ప్రోగ్రామర్ దాని నడవడిక గమనించి, 2016లో తనదైన లెక్క కట్టి అందరికీ ఇచ్చాడు. 2020లో యెగప్పన్ లక్ష్మణన్ ఆ లెక్కను విమ్ లోపలికే తెచ్చి, ప్లగిన్లు నేరుగా పిలవగల ఫంక్షన్‌గా పెట్టాడు. ఫజీ వెతుకులాట చివరికి విమ్ సొంత గూటిలో చేరింది. ఇవాళ వీఎస్ కోడ్‌లో కంట్రోల్, పీ కలిపి నొక్కేవాళ్లకు దీని వెనక ఇంత ప్రయాణం ఉందని గుర్తుండదు, ఉండనక్కర్లేదు కూడా.

లోపలా బయటా అన్న పందెంలో ఎవరూ ఓడలేదు. టెలిస్కోప్ ఉంది, కంట్రోల్-పీ వాడేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ 20 ఏళ్లలో ఎక్కువగా మారాల్సి వచ్చినవి ఎడిటర్ లోపలికి గట్టిగా కుట్టినవే. రూబీ మారితే అవి విరిగాయి, విమ్ నెమ్మదిస్తే అవి నెమ్మదించాయి. ఎఫ్‌జెడ్‌ఎఫ్ తన భాష మార్చుకుంది, మార్కుల లెక్క మార్చుకుంది, తెర మీద చోటు అయిదు రకాలుగా మార్చుకుంది. వరుసలు పుచ్చుకోవడం, ఎంచుకున్నది ఇవ్వడం, ముగిసిందని ఒక అంకె చెప్పడం మాత్రం అలాగే ఉంచింది. అందుకే విమ్ కోసం రాసిన అలవాటును షెల్‌లో, ఈమ్యాక్స్‌లో, రేపు పుట్టబోయే ఎడిటర్‌లో కూడా వాడుకోవచ్చు. రెండు పరికరాలను కలపబోయేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది: ఒకదాని గురించి ఇంకొకదానికి ఎంత తక్కువ తెలిస్తే పని జరుగుతుంది?